ఫ్యాను గిన్నె కింద మూడు వేళ్లు

సిరిసిల్లలో సాలోళ్ల ఇంట పుట్టి మగ్గం చేతకానివాడు ఉంటాడా అని అడిగితే, ఒకడున్నాడు, రాజనర్సు. తండ్రి పడుగుకు గంజి పట్టించమని కుంచె చేతికిస్తే, ఆ కుంచెతో గోడ మీద గంజి చుక్కలు అద్ది వీపు విమానం మోత మోగించుకున్నాడు. చేతి మగ్గాలు పోయి ఊరంతా కరెంటు మగ్గాలు, అదే సాంచెలు, దడదడలాడుతున్న రోజుల్లో కూడా అతనికి ఆ పని ఒంటబట్టలేదు. ఇక లాభం లేదనుకుని, ఎవరో చుట్టం పుణ్యాన కూలిపనికి మస్కట్ వెళ్లాడు. వెళ్తూ వెళ్తూ ఏం పట్టుకెళ్లాడో తెలుసా? తండ్రి కుంచె. భార్య సత్యవ్వ కడుపుబ్బ నవ్వింది.

ఆరేళ్ల తర్వాత తిరిగొచ్చేటప్పుడు అందరూ టేపురికార్డర్లు మోసుకొస్తే, ఇతను ఒక పని నేర్చుకుని వచ్చాడు. ఇంటి స్లాబు అడుగున గరుకు పూత వేసే పని. స్లాబు పోసినప్పుడు సెంట్రింగు పలకల గుర్తులు పడతాయి, సన్నసన్న పగుళ్లు పడతాయి. ఎంత సున్నం కొట్టినా అవి వెక్కిరిస్తూనే ఉంటాయి. రాజనర్సు తెల్ల సిమెంటు, సుద్దపొడి, జిగురు కలిపి చిక్కగా చేసి తాపీతో పైన పరిచేవాడు. తడి ఆరకముందే కుంచెతో అద్ది, సగం తిప్పి లాగేవాడు. లాగిన చోటల్లా పూత ముళ్లలా లేచి నిలబడేది. పావుగంట ఆగి, ఆ కొనలను తాపీతో తేలిగ్గా అణిచేవాడు. తొందరపడితే అంతా చెదిరిపోతుంది, ఆలస్యమైతే రాయైపోతుంది. ఆ పావుగంటలో పక్కన ఎవరైనా మాట్లాడితే అతనికి ఒళ్లు మండిపోయేది.

కోరుట్ల, మెట్‌పల్లి, జగిత్యాల అంతటా దుబాయి పోయినవాళ్ల స్లాబు ఇళ్లు లేస్తున్న కాలం అది. పనికి కొదవ లేదు. ఉన్న దిగులల్లా ఒకటే. ఎవడూ పైకి చూడడు! గృహప్రవేశం నాడు ఒకసారి తలెత్తి, "మంచిగున్నదే" అంటారు. ఆ తర్వాత ఫ్యాను తిరుగుతోందా లేదా అని తప్ప పైకి చూసే నాథుడే లేడు. ఐదారేళ్లకు పూత నల్లబడితే మళ్లీ పిలుస్తారు. పాతది తడిపి గీకి కొత్తది వేయాలి. అప్పుడు ఇతను, "ఇదివరకటి డిజైనే వెయ్యనా?" అని అడిగితే, ఇంటాయన బుర్ర గోక్కుని, "ఇదివరకు ఏముండెనే?" అని ఎదురడిగేవాడు.

"ఆరేండ్లు దాని కిందనే పండుకుంటివి గదనే! కండ్లు మూసుకొని పుట్టినవా?" అని రాజనర్సు పరంజా పలక మీది నుంచే కసిరేవాడు.

సిరిసిల్లలో తన సొంత ఇంటి ముందు గదికి మాత్రం, ఇంకెక్కడా వేయని పూత వేసుకున్నాడు. ఫ్యాను కొక్కెం దగ్గర మొదలై, సుడులు సుడులుగా విచ్చుకుంటూ నాలుగు గోడల దాకా పాకే డిజైను. వేయడానికి తొమ్మిది రోజులు పట్టింది. కొక్కెం పక్కన తడి పూత మీద తన మూడు వేళ్లు నొక్కి గుర్తు పెట్టాడు. ఆ పైన ఫ్యాను బిగించాక, కొక్కేన్ని మూసే చిన్న గిన్నె కింద ఆ గుర్తు దాక్కుపోయింది. ఊళ్లో మరే ఇంటికీ పూత వేయనన్నాడు. ఇంటి ముందు ఇంకొకడికి అదే వస్తే తనదానికి విలువేముంటుందని అతని పంతం.

ఆ గదిలోకే ఒక వానాకాలం సాయంత్రం పక్కింటి రాజయ్య ఒక పిల్లవాణ్ణి ముఖం మీదికి గొంగడి కప్పి నడిపించుకొచ్చాడు. రాజయ్య సాంచెల మీద పనిచేస్తాడు, అడవిలో ఉన్న అన్నలకు కబుర్లు మోస్తాడు. ఆ సంగతి వాడకట్టుకంతా తెలుసు, ఎవరూ తెలిసినట్టుండరు. ఇటు పోలీసులు, అటు దళాలు, నడుమ జనం గొంతులో వెలక్కాయ పడ్డట్టు బతుకుతున్న ఏళ్లవి.

"జరం మస్తుగున్నది బావా. పది దినాలు పండుకోనియ్యి. పేరు మొగిలి. ఇంకేం అడగకు," అన్నాడు రాజయ్య.

రాజనర్సు వీధి తలుపు వైపు చూశాడు. వద్దనడానికి నోరు తెరిచాడు కూడా. అప్పటికే సత్యవ్వ ఆ పిల్లవాడి నుదుటి మీద చెయ్యి పెట్టి, "అయ్యో, పెనం తీర్గ కాలుతున్నది గదనయ్యా," అని ఎల్లంతకుంటలో ఇచ్చి పెళ్లి చేసిన కూతురి మంచం వాల్చేసింది. ఇంక మాటేముంది?

పదకొండు రోజులు. తలుపులు మూసిన గదిలో, ఆ మంచం మీద వెల్లకిలా పడుకుని మొగిలి చూసిందల్లా పైనున్న పూతే. సత్యవ్వ తడిగుడ్డలు మార్చింది, గంజి తాగించింది, కక్కితే ఎత్తిపోసింది. ఆరో రోజు జ్వరం కాస్త తగ్గాక వాడు మెల్లగా అన్నాడు.

"కాకా, గీ సుడులు నూట నలభై రెండున్నయి. కిటికీ దిక్కు ఒక్కటి ఉల్టా తిరిగింది, ఎందుకు?"

రాజనర్సు చాయ్ గ్లాసు కింద పెట్టి మంచం దగ్గరికి జరిగాడు. ఇరవై ఏళ్ల పనిలో తన పూతను ఇలా చూసినవాడు ఒక్కడు లేడు. ఆ ఒక్క సుడి తిప్పేటప్పుడు కూతురు పిలిస్తే చెయ్యి మళ్లింది. ఆ సంగతి సత్యవ్వకు కూడా తెలియదు. ఇక ఆగుతాడా? ముద్ద ఎట్లా కలపాలో, కుంచె ఎంత తిప్పాలో అన్నీ పూసగుచ్చినట్టు చెప్పాడు. పొంగిపోయి పొంగిపోయి చివరికి, "ఎవ్వలకు చెప్పనిది నీకు చెప్తున్న. గా ఫ్యాను గిన్నె కింద నా మూడు వేళ్లున్నయి," అని కూడా చెప్పేశాడు. మొగిలి పక్కున నవ్వాడు. ఆ నవ్వు చూసి మొగుడూ పెళ్లాలిద్దరూ మురిసిపోయారు.

వెళ్లేనాడు రాత్రి, దారి గుర్తుండకుండా రాజయ్య కళ్లకు గుడ్డ కట్టబోతుంటే, వాడు సత్యవ్వ కాళ్లకు దండం పెట్టాడు. "సచ్చినా ఈ ఇల్లు నా నోటెంట రాదు చిన్నమ్మా," అన్నాడు. ఆమె కొంగుతో కళ్లు ఒత్తుకుని రొట్టెలు మూటగట్టి ఇచ్చింది.

ఆ తర్వాతి ఎండాకాలం రాజనర్సు కోరుట్లలో ఒక ఇంటికి పూత వేస్తున్నాడు. మఫ్టీలో ఉన్న ఒకాయన లోపలికి వచ్చి, కాగితం పైకెత్తి, "ఇది ఎవ్వల చెయ్యో చెప్పగలవా?" అన్నాడు. సుడులు సుడులుగా పెన్సిలుతో గీసిన బొమ్మ. రాజనర్సు ఛాతీ విరుచుకుని, "ఇంకెవ్వలది? ఈ జిల్లాల గిట్ల తిప్పేటోడు నేను గాక ఎవడున్నడు?" అనేశాడు.

అన్నాక చూశాడు. కిటికీ వైపు ఒక సుడి ఉల్టా తిరిగి ఉంది.

వచ్చినాయన తీరిగ్గా చెప్పాడు. "లొంగిపోయినోడు ఒకడు గీసిచ్చిండు. జరమొచ్చి గిదే చూస్కుంట పండుకున్నడట. ఏ ఇంట్ల వేసినవు?"

"యాదికి లేదు సార్, మస్తు ఇండ్లల్ల వేసిన," అని రాజనర్సు నోటికొచ్చినట్టు కోరుట్ల పేర్లు, మెట్‌పల్లి పేర్లు, జగిత్యాల పేర్లు చెప్పాడు. ఆయన అన్నీ రాసుకున్నాడు. పాపం, ఏ పాపమూ ఎరగని ఆ ఇళ్ల తలుపులన్నీ కొట్టిస్తున్నానే అని కుమిలిపోతూనే చెప్పాడు. ఆయన అటు పోగానే కుంచె, గీకుడు పట్టీ సంచిలో పడేసుకుని వేములవాడ బస్సెక్కి, అక్కడ బస్సు మారి మధ్యాహ్నానికల్లా ఇల్లు చేరాడు.

"సత్తెవ్వా, పొల్లగాడు చెప్పేసిండే," అని గడపలోనే కూలబడ్డాడు.

సత్యవ్వ నమ్మలేదు. నమ్మడం ఆమెకు చేతకాలేదు. "ఊకెనే చెప్తడా? బొక్కలిరగ్గొట్టి చెప్పిచ్చి ఉంటరు! గంత కొట్టినా సీలింగు ఒక్కటే చెప్పిండు సూడు. పదకొండు దినాలు గీ సాంచెల సప్పుడు ఇన్నడు గద. సిరిసిల్ల అని ఒక్క మాట చెప్తే వాళ్లు కోరుట్లల ఎందుకు తిరుగుతరు?"

ఆ మాటలో న్యాయం కనిపించింది రాజనర్సుకు. ప్రాణం కాస్త కుదుటపడింది. పక్కింటి రాజయ్యకు చెబుదామంటే అతను నెల రోజులుగా ఇంటికే రావడం లేదు. ఇద్దరూ తలుపు గడియ వేసుకున్నారు. ఆమె బకెట్లతో నీళ్లందిస్తే అతను పైకప్పు తడిపాడు, నానిన చోటల్లా పట్టీతో గీకాడు. చుట్టూ సాంచెల మోతలో గీకుడు చప్పుడు ఎవరికీ వినపడలేదు. తొమ్మిది రోజుల పని ఒకటిన్నర రోజులో పెళ్లలు పెళ్లలుగా నేలరాలింది. కళ్లలో పడ్డది సుద్దో, ఏడుపో అతనికే తెలియలేదు. ఆ పైన నున్నగా లప్పం పట్టించి సున్నం కొట్టాడు.

మిగిలింది ఫ్యాను గిన్నె.

"గా గిన్నె కింద సుత గీకెయ్యి," అంది సత్యవ్వ.

రాజనర్సు పలక మీది నుంచి కిందికి చూశాడు. "ఇది వానికొక్కనికే తెలుసు. ఇది గీకితే వాన్ని దొంగ అన్నట్టేనే. నువ్వే అంటివి గద, వాడు మనల కాపాడుతున్నడని," అన్నాడు. అతను గిన్నె ముట్టకుండానే కిందికి దిగాడు. పిచ్చి మనిషి! అంత గీకినవాడికి అరచెయ్యంత గీకడానికి చెయ్యి రాలేదు.

మూడో రోజు పొద్దున జీపు వచ్చింది. ముందు ఎస్సై, ఆనాడు కోరుట్లలో మఫ్టీలో వచ్చినాయనే. వెనక మొగిలి. కొత్త ప్యాంటు, ఇస్త్రీ చొక్కా, నున్నగా దువ్విన తల. మనిషి కాస్త ఒళ్లు చేశాడు కూడా. సత్యవ్వ చూపు ముందు వాడి చేతుల మీదికి, తర్వాత మెడ మీదికి పోయింది. ఎక్కడైనా దెబ్బ కనిపిస్తుందేమోనని వెతుకుతోంది ఆ పిచ్చితల్లి.

"నలభై ఇండ్లు చెప్పినవు, ఒక్కటన్న సిరిసిల్లల చెప్పలె," అన్నాడు ఎస్సై రాజనర్సుతో. "సాంచెల సప్పుడు సంగతి ఇతను మొదటి దినమే చెప్పిండు. ఇండ్లు వేలున్నయి గదా, అందుకే పూత వేసినోని కోసం తిరిగినం. నీ ఊర్లనే నీ పని ఒక్కటి చెప్పకపోతివి, అప్పుడే అర్థమైంది."

రాజనర్సు సత్యవ్వ వైపు చూశాడు. ఆమె తల దించుకుంది.

"ఈ పిల్లగాడెవ్వలో మాకెర్కలేదు సార్," అన్నాడు రాజనర్సు.

ఎస్సై తలెత్తి పైకి చూశాడు. తెల్లగా, నున్నగా, కోడిగుడ్డు పెంకులా ఉంది పైకప్పు. ఆయన చిరాగ్గా మొగిలి వైపు తిరిగాడు. "ఏదిరా నీ సుడులు? ఇది గాదంటే గాదని చెప్పు, పోదాం."

అదీ ఆ పిల్లవాడికి దొరికిన సందు. కాదు అనే ఒక్క మాట చాలు. మొగిలి పైకి చూశాడు, మంచం వైపు చూశాడు, ఆ ఇద్దరి మొహాల వైపు మాత్రం చూడలేదు.

"ఫ్యాను గిన్నె దింపుండ్రి సార్," అన్నాడు. "దాని కింద మూడు వేళ్ల గుర్తుంటది. ఈయననే చెప్పిండు."

కానిస్టేబుల్ స్టూలెక్కి గిన్నె జార్చాడు. పదేళ్ల కిందటి తడిలో నొక్కిన మూడు వేళ్లు అలాగే ఉన్నాయి. రాజనర్సు చెయ్యి పట్టుకుని పైకెత్తి సరిపోల్చాల్సిన పని కూడా ఎవరికీ పడలేదు.

తర్వాత పదకొండు నెలలు జైలు, కోర్టు వాయిదాలు, తిరిగొచ్చాక ఊరూరా నున్నటి పూతలు, అన్నీ జరిగాయి. తండ్రి కుంచె మళ్లీ ముట్టలేదు. జైల్లో తిన్న దెబ్బల గురించి అతను ఎవరికీ చెప్పుకోలేదు. అడిగినవాళ్లకు ఆ పొద్దుటి సంగతి ఒక్కటే చెప్పేవాడు.

అతన్ని జీపెక్కించాక సత్యవ్వ పరుగున బయటికొచ్చింది. మొగిలి చొక్కా పట్టుకుంది. తిడుతుందనుకున్నారు అందరూ. ఆమె గొంతు తగ్గించి, బతిమాలుతున్నట్టు అడిగింది.

"మస్తు కొట్టిన్రా కొడుకా నిన్ను? కొట్టిన్రని చెప్పు."

మొగిలి మెల్లగా ఆమె వేళ్లు విడిపించుకున్నాడు.

"లేదు చిన్నమ్మా. ఎవ్వలు కొట్టలే."

కరెంటు పోయి వాడకట్టులో సాంచెలన్నీ ఆగి ఉన్నాయి. ఆ మాట జీపులో కూర్చున్న రాజనర్సుకు కూడా వినిపించింది.