పిన్ని తిప్పి పంపిన గుప్పెడు బియ్యం

నేను చెప్పిన ఒక్క పాఠంతో మా ఊళ్లో రెండేళ్ల పగ ఒక్క పూటలో చల్లారిపోయింది. చర్చి మొత్తం కళ్లు తుడుచుకుంది. నరసరావుపేట దాకా ఆ మాట పాకింది.

ఎనభైల నాటి సంగతి ఇది. మాది నడికుడి దగ్గర పల్లె. పాస్టరుగారు మూడు ఊళ్లు చూసుకునేవారు కాబట్టి, ఆయన వచ్చి ప్రార్థన మొదలుపెట్టేలోపు పెద్దల తరగతి నేను చెప్పేవాణ్ని. ఎలిమెంటరీ బడి పంతుల్ని, సుద్దముక్క చేతికొస్తే ఆగను. వాక్యం అర్థం కావడం వేరు, దాని ప్రకారం బతకడం వేరని వారం వారం చెప్పేవాణ్ని.

ఆ పగ ఎవరిదో చెప్పలేదు కదూ. నాదే. నాకూ మా అన్నకూ మిరపకాయలు ఎండబెట్టుకునే కల్లం ఒకటే. ఒక మధ్యాహ్నం ఉన్నట్టుండి వాన పట్టుకుంది. అన్న తన కాయల మీద పట్టా కప్పుకున్నాడు. నావి తడిసి బూజెక్కాయి. అప్పట్నుంచి మాటల్లేవు. నా తరగతి అయ్యేదాకా ఆయన చర్చి గడప తొక్కేవాడు కాదు.

మా సంఘంలో ఆడవాళ్లు వంటకు బియ్యం కొలిచినప్పుడల్లా ఒక గుప్పెడు తీసి వేరే డబ్బాలో వేస్తారు. వారమంతా కూడినవి ఆదివారం సంచిలో తెచ్చి ముందు బల్ల మీద పెడతారు. ఆ రోజు నా పాఠం కానుక గురించే. సోదరుడితో తగువుంటే కానుక అక్కడే వదిలి, ముందు వెళ్లి సమాధానపడి రావాలని గట్టిగా చెప్పాను.

ముందు వరసలోంచి పిన్ని లేచింది. మా వీధి ముసలామె, వీధంతటికీ పిన్నే. బల్ల మీద సంచుల్లో మా ఇంటిది వెతికి తీసి నా చేతిలో పెట్టింది.

"ఇంద. మీ అన్నతో మాట్టాడి పట్టుకురా."

"పాఠం సగంలో ఉంది పిన్నీ."

"మిగతా సగం నువ్వు చేసి చూపియ్యి. లేకపోతే వచ్చే వారం నుంచి ఇంకోళ్లు చెబుతారు."

ఎవరూ కళ్లు తుడుచుకోలేదు. నవ్వారు. మొదట నవ్వింది నా భార్య.

అన్న ఇల్లు చర్చికి నాలుగిళ్ల అవతలే. అయినా నేను రైలు గేటు చుట్టూ తిరిగి వెళ్లాను. వాకిట్లో అన్న చెప్పులు తొడుక్కుంటున్నాడు. నేను సంచితో గడప దాకా వెళ్లాను. ఈలోగా వదిన వచ్చి నా చేతిలో సంచి అందుకుంది. రెండేళ్ల తర్వాత మరిది బియ్యం పట్టుకొని గడపలోకి వస్తే ఏమనుకుంటుంది? లోపలికి తీసుకెళ్లి కడిగి పొయ్యి మీద పెట్టేసింది.

ఖాళీ సంచి మీదున్న చర్చి గుర్తు అన్న కంటబడింది.

"ఏమే, అవి దేవుడి బియ్యమే."

"ఉడుకుపట్టినాక చెబితే ఎట్టా? కూర్చోండి ఇద్దరూ."

కూర్చున్నాం. పండుమిరప పచ్చడితో తిన్నాం. ఆ అన్నం ముందే అసలు మాట బయటపెట్టాను. అన్న దగ్గర ఉన్నది ఒకటే పట్టా. ఆ వానరోజు నేను కల్లం వదిలేసి మాచర్లలో సినిమా చూస్తున్నాను. ఆ ముక్క రెండేళ్లు ఎవరికీ చెప్పలేదు. తప్పు నాదేనని, క్షమించమని అన్న చేతులు పట్టుకున్నాను. వదిన తన డబ్బాలో వారమంతా కూడిన బియ్యంతో సంచి నింపింది. అన్నే దాన్ని మోసుకుంటూ నాతో చర్చికి వచ్చాడు. నరసరావుపేట ఊసు మాత్రం నా కల్పన. ఈ కబురు గేటు దాటలేదు.

ఇదంతా రాసి మొన్న అన్నకు చదివి వినిపించాను. ఎనభై దాటినా చెవులు బాగానే పనిచేస్తున్నాయి. చివరిదాకా విన్నాడు.

"సినిమా సంగతి చెప్పావు, నిజమే. క్షమించమని ఎప్పుడడిగావురా? ఇంకాస్త పచ్చడి వెయ్యమన్నావు, అంతే."