గంధం పూసిన గుండు

ఇన్నేళ్లూ ఇది నాలోనే ఉండిపోయింది. బరువు అనాలో, మొద్దుబారిన చోటు అనాలో తెలియదు. గిల్లినా నొప్పి పుట్టదు. కానీ అక్కడుందని మరిచిపోయిన రోజు లేదు. నా పేరు మాత్రం అడక్కండి, చెప్పేంత ధైర్యం ఇప్పటికీ రాలేదు.

రెండువేల సంవత్సరం దాటిన కొత్తలో తిరుపతిలో ఒక ఆసుపత్రి పరిశోధన విభాగంలో పనిచేసేదాన్ని. అప్పుడు మేము పరీక్షిస్తున్నది వెలుతురు పడితేనే పనిచేసే క్యాన్సర్ మందు. గడ్డ మీద ఎర్రటి వెలుతురు పట్టిస్తే గడ్డను చంపుతుంది. చిక్కేమిటంటే ఆ మందు చర్మంలోనూ నిలుస్తుంది, ఎండ తగిలితే అక్కడా కాలుస్తుంది. అందుకే దాన్ని కంటికి కనబడని నానో రేణువుల్లో నింపాం. అవి గడ్డలోకే పోతాయి, చర్మం జోలికి రావు అని నా నమ్మకం. నమ్మకమా, పొగరా? అయినా కొన్ని వారాలు ఎండ పొడ తగలకూడదని ప్రతి రోగికీ చెప్పి పంపాలి. అది నా పని.

ఆ రోగుల్లో ఒకామె మునెమ్మవ్వ. ఊరు చిత్తూరు దగ్గర ఐరాల. శెనక్కాయ చేలల్లో కూలికి పోయేది. పొగాకు నమిలీ నమిలీ బుగ్గలో క్యాన్సర్ పుండు లేచింది. మొదటిసారి మందు ఎక్కించి వెలుతురు పట్టించాక పుండు కాస్త తగ్గుముఖం పట్టింది. ఇంకోసారి పట్టించాల్సి ఉంది. ఇంటికి పంపే రోజున నేను మరో రోగికి మందు కలిపే హడావిడిలో ఉన్నాను. ఆమె గుమ్మంలో నిలబడింది.

“అమ్మణ్ణీ, కొండకు మొక్కు ఉండాది. గుండు కొట్టించుకోని వస్తా. ఏం కాదు గదా?”

“ఏం కాదులే అవ్వా, పోయి రా.”

తల కూడా ఎత్తలేదు నేను. ఎండ సంగతి గుర్తు రాలేదా, గుర్తొచ్చినా నా రేణువులుండగా ఏమవుతుందిలే అనుకున్నానా? ఎన్నిసార్లు తవ్వుకున్నా తేలదు. రెండోదే అయ్యుంటుంది.

కొద్ది రోజులకే కొడుకు ఆమెను వెనక్కి తీసుకొచ్చాడు. గుండుకు పూసిన గంధం ఎండి పెచ్చులు కట్టింది. డాక్టరు తడిగుడ్డతో తుడవబోతే గంధంతోపాటు చర్మం ఊడొచ్చింది. ఇన్నాళ్లూ జుట్టు చాటున ఉన్న నెత్తి. కొండ మీద ఎండలో ఒక పూట తిరిగిందట, అంతే.

డాక్టరు నా వైపు తిరిగి, ఎండ గురించి చెప్పలేదా అని అడిగాడు. చెప్పాను సార్ అన్నాను. తడుముకోలేదు కూడా. అబద్ధం అంత సులువుగా వస్తుందని నాకే తెలియదు. మునెమ్మవ్వ నన్నే చూసింది. ఇప్పుడు బయటపెడుతుంది, నా పని అయిపోయింది అనుకున్నాను.

“సెప్పినాది సారూ. నేనే ఇనకపోతిని,” అంది.

ఎందుకన్నదో? నా ఉద్యోగం పోతుందనా? నన్ను తిడితే తనకు మళ్లీ మందు కలిపేవాళ్లు ఉండరనా? ఆమె బతికుండగా అడగొచ్చు. అడగలేదు.

చెప్పిన మాట వినని మనిషి అని రెండోసారి మందు ఇవ్వలేదు. పరీక్షలోంచి ఆమెను తీసేశారు. ఆమెతోపాటు ఆ కాలిన నెత్తీ లెక్కలోకి రాలేదు. మా రేణువులు చర్మం జోలికి పోవన్న మాట చెక్కు చెదరలేదు. అందరూ మెచ్చుకుంటే నేనూ నవ్వాను. పుండు మళ్లీ లేచిందని, కొన్ని నెలలకు ఆమె పోయిందని కొడుకు వచ్చి చెప్పాడు. ఏడుపు రాలేదు. మంచినీళ్లు తాగుతావా అని అడిగాను.

ఆ రెండోసారి మందు పడుంటే బతికేదా? తెలియదు. తెలియదన్న మాట వెనకాల దాక్కోను. మునెమ్మవ్వ నా మాట వినలేదని అక్కడ అందరూ నమ్మారు. అబద్ధం. వినింది. పోయి రా అన్నాను, పోయి వచ్చింది.

ఇది రాశాక కాస్త ఊపిరి ఆడుతోంది. అందుకూ సిగ్గుగానే ఉంది.