వంజరానికీ బంగారానికీ తేడా

మీరు టీ తాగుతూ వినండి గానీ, మధ్యలో నవ్వకూడదు. మొన్న రెండు వారాల కిందట ఆదివారం నేను మా పెరట్లో ఒక చేపకి అంత్యక్రియలు చేశాను. తలస్నానం చేసి, అగరొత్తి వెలిగించి, పద్ధతిగానే చేశాను. ఆ రోజు నుంచి మా ఇంట్లో నా ర్యాంకు ఒకటి తగ్గింది.

మాది పెందుర్తిలో చిన్న ఇండిపెండెంట్ ఇల్లు. పెరట్లో మా ఆవిడ సుజాత ముచ్చటపడి కట్టించుకున్న సిమెంటు తొట్టి ఉంది. దాన్ని పాండ్ అనాలి, తొట్టి అంటే ఊరుకోదు. అందులో ముచ్చటకి పెంచుకునే రంగు చేప, కోయి అంటారు, ఒకే ఒక్కటి, పేరు బంగారం. నాలుగేళ్ల కిందట వేలెడంత ఉన్నప్పుడు తెచ్చింది, ఇప్పుడు మూరెడుంది. సుజాత గట్టు మీద కూర్చుని మూడుసార్లు చప్పట్లు కొట్టి "బంగారం" అంటే చాలు, పైకొచ్చి నోరు తెరుస్తుంది. పెళ్లయిన ఇరవై రెండేళ్లలో నన్నెప్పుడూ అలా పిలవలేదు, అది వేరే సంగతి.

ఆదివారం పొద్దున్నే సుజాత సీతమ్మధారలో వాళ్ల చెల్లెలింటికి బయల్దేరింది. వెళ్తూ వెళ్తూ, "పాండ్ నీళ్లు పచ్చబడిపోయాయండీ, రేపు ఎవరినైనా పిలిచి కడిగిద్దాం" అంది.

నాకు పౌరుషం వచ్చేసింది. "ఎవరో ఎందుకు? మాది భీమవరం పక్కన. చేపల చెరువుల గట్ల మీద పెరిగినవాణ్ణి. నువ్వొచ్చేసరికి అద్దంలా చేసి పెడతా" అన్నాను.

ఆవిడ చెప్పులేసుకుంటూ ఇంకేదో చెప్పింది. పోలమ్మ, ఫ్రిజ్, సాయంత్రం అని మూడు మాటలు వినబడ్డాయి. నా మనసు అప్పటికే తొట్టిలో దిగిపోయింది. ఊఁ అన్నాను.

పోలమ్మ అంటే ప్రతి ఆదివారం మాకు వంజరం లాంటి సముద్రం చేపలు తెచ్చే మనిషి. వాళ్లాయన వేటకి వెళ్తాడు, ఈవిడ తట్ట ఆటోలో పెట్టుకుని పెందుర్తి దాకా వస్తుంది. మా గోదావరి చేపలన్నీ బురద కంపని నన్ను ఏడిపించడం ఆవిడకి సరదా.

సరే, బంగారాన్ని ప్లాస్టిక్ టబ్బులోకి మార్చాను. మోటరు పెట్టి నీళ్లు తోడేసి, లుంగీ ఎగ్గట్టి దిగాను. కొబ్బరి పీచుతో పాచి గోకుతున్నాను. తల తొట్టి అడుగున, నడుం ఆకాశంలో. పక్కన మోటరు రొద. ఆ రొదలో పైనుంచి పోలమ్మ గొంతు.

"బాబూ, ఈ సేప తీసీమంటావేటి?"

"ఆ, తీసెయ్" అన్నాను. ఏ చేప అని అడగాలని తోచలేదు.

కాసేపటికి మళ్లీ, "క్లీన్ సేసీమంటావా?"

క్లీన్ అన్న మాటొక్కటే చెవిన పడింది. తొట్టి గురించి కాబోలనుకుని, "ఊఁ, శుభ్రంగా అవ్వాలి" అన్నాను.

"ముక్కలు పులుసుకా, ఏపుడుకా?"

పులుసు అనేసరికి బుర్రతో పనిలేకుండా నోరే జవాబు చెప్పేసింది. "పులుసుకే." ఆ తర్వాత కూడా ఆవిడేదో అంది, మోటరు రొదలో వినబడకపోయినా ఊఁ అన్నాను.

అరగంట తర్వాత నడుం పట్టుకుని లేచాను. పోలమ్మ లేదు. టబ్బు ఖాళీ. వంటింటి గట్టు మీద మూతపెట్టిన గిన్నెలో, తోలు తీసి ఉప్పు రాసి కడిగిన ముక్కలు.

ఒక్కొక్క ప్రశ్నా, నేను చెప్పిన ఒక్కొక్క జవాబూ గుర్తొచ్చాయి. సుజాత నాలుగేళ్లు పెంచుకున్న ప్రాణాన్ని పులుసుకి కొట్టించాను. పోలమ్మకి ఫోన్ చేద్దామంటే నంబరు సుజాత దగ్గరే ఉంది.

ఆ ముక్కలు చూస్తూ ఉండలేకపోయాను. కరివేపాకు చెట్టు కింద గొయ్యి తీసి, గిన్నెడూ పూడ్చి, మందారప్పువ్వు పెట్టి దణ్ణం పెట్టుకున్నాను. నిజం చెప్తున్నాను, కళ్లనీళ్లు వచ్చాయి.

ఆ తర్వాత నాలో దొంగ మేలుకున్నాడు. తొట్టిలోకి బోరు నీళ్లు వదిలి, స్కూటరేసుకుని గోపాలపట్నంలో ఆక్వేరియం షాపుకి పరిగెత్తాను. ఫోన్లో బంగారం ఫొటో చూపించి, అదే పొడుగు, అదే రంగు, తోక దగ్గర అదే తెల్లమచ్చ ఉన్న చేపని వెతికించి తెచ్చి వదిలాను. నాకే తేడా తెలియలేదు. అసలు నాకు ఏ తేడా తెలిసిందని.

సాయంత్రం సుజాత వచ్చింది. వెంట చెల్లెలు, మా తోడల్లుడు కూడా. వచ్చీరాగానే గట్టు మీద కూర్చుని చప్పట్లు కొట్టింది. "బంగారం." చేప కదల్లేదు. మళ్లీ కొట్టింది. అది మూలకి తిరిగి నిలబడింది.

"ఏవండీ, ఇది బంగారం కాదు."

ఇంక ఆపుకోలేకపోయాను. తీసెయ్ అన్న దగ్గర్నుంచి మందారప్పువ్వు దాకా మొత్తం ఒప్పేసుకున్నాను. సుజాత మొహం తెల్లబోయింది. పోలమ్మకి ఫోన్ చేసి స్పీకర్లో పెట్టింది.

"మీ బంగారమా అమ్మా? టబ్బు ఎండలో ఉడికిపోతంటే, బాబునడిగే తీసేను. నీడలో ఉంది కదా నీల్లు పట్టుకునే నీలం డ్రమ్ము, అందులో ఏసేను."

"మరి ఆ ముక్కలు?"

"నువ్వు సెప్పిన వంజరమే కదమ్మా, సుట్టాలొత్తన్నారన్నావు. ఫ్రిజ్జులో ఎట్టమని బాబుకి సెప్పేను, ఊఁ అన్నాడు."

డ్రమ్ము దగ్గరికి పరిగెత్తి సుజాత చప్పట్లు కొట్టింది. బంగారం పైకొచ్చి నోరు తెరిచింది. ఇటు ఫోన్లో పోలమ్మ నవ్వు ఆగడం లేదు. "గోదారోల్లకి సేపలు బాగా తెలుసంతారు గదా బాబూ. వంజరానికీ బంగారానికీ తేడా తెల్దేటి?"

తోడల్లుడు కరివేపాకు చెట్టుకేసి చూసి, "ఎంత లోతులో పూడ్చారన్నయ్యా?" అని మెల్లగా అడిగాడు. ఆ రాత్రి అందరం కోడిగుడ్డు పులుసు తిన్నాం.

బంగారాన్ని పాండ్‌లోకి వదిలాక, కొత్త చేపకి ఏం పేరు పెడదామని చెల్లెలు అడిగింది. సుజాత క్షణం కూడా ఆలోచించలేదు. "ఎంత పిలిచినా ఉలకదు, పలకదు. ఏవండీ అని పెడదాం."

నవ్వొద్దన్నానా. ఇంకా ఉంది. ఆ చేప రెండు వారాల్లో పిలుపు నేర్చేసుకుంది. నిన్న సాయంత్రం డ్యూటీ నుంచి ఆకలితో వచ్చాను. పెరట్లోంచి సుజాత పిలుపు, "ఏవండీ, రండి, తిందురుగాని." ఎంత ప్రేమగా పిలిచిందో. చేతులు కడుక్కుని పరిగెత్తాను.

పిలిచింది నన్ను కాదు.