ఎళ్లమాస దాకా ఆగని తెగులు

హైదరాబాద్‌లో నేను ఫ్లాట్లు అమ్మే రోజులవి. కిటికీలోంచి చెరువు కనబడితే ఆ ఫ్లాటుకు గిరాకీ ఎక్కువ. ఆ లెక్కన దసరాకు ఊరొస్తే కన్నడ సీమలో చిట్గుప్ప దగ్గరి మా కంది చేను మహా ఖరీదుగా కనబడింది. ఏ మూల నిలబడ్డా నీళ్లే.

మొక్కల మొదళ్లకు నల్ల మచ్చలు. గాలి తగిలితే అక్కడికే విరుగుతున్నాయి. అది నాయనమ్మ కాపురానికి వచ్చినప్పటి నుంచి ఏటా బూడిద కలిపి కుండలో దాచి, మళ్లీ విత్తే కంది. చేను పోతే ఆ విత్తనం ఇంకెక్కడా దొరకదు.

ఒక మొక్క పట్టుకుని మందుల దుకాణానికి పోయాను. దుకాణదారు దాన్ని చూడకుండానే పురుగుమందు సీసా తీశాడు.

"అన్నా, ఇది పురుగు కాదు, తెగులు."

"రెండింటికి పనిచేస్తది."

"నడుం నొప్పికి?"

"అది పక్క దుకాణంల," అన్నాడు నవ్వకుండా.

వ్యవసాయ ఆఫీసు మేడం మాత్రం కాండం చీల్చి చూసింది. కాలువ తీసి నీళ్లు పంపండి, సోకినవన్నీ పీకి కాల్చండి, ఈ వారమే అని కన్నడలో విడమరిచి చెప్పింది.

కాలువ తీశాం. పీకబోతే నాయనమ్మ అడ్డం నిలబడింది. ఎళ్లమాస అమావాస్య దాకా భూమి కడుపుతో ఉంటుందని మా లెక్క. ఆ రోజు చేలోనే ఆకుకూరలు, గింజలు కలిపి వండిన భజ్జి, రొట్టె నైవేద్యం పెట్టేదాకా మా ఇంట్లో కందిని వేరుతో పీకరు.

"కడుపుతోని ఉన్న తల్లి ఒంట్లకెల్లి ఏం పీకుతవ్‌రా?"

"తల్లికి రోగమొస్తే దవాఖానకు తీస్కపోవద్దా నాయనమ్మా?"

"నీ హైదరాబాద్ మాటలు బస్టాండ్ల ఇడ్సిపెట్టి రా."

నా మాటకూ ఆమె మాటకూ అందరూ నవ్వారు. బాపు "రెండు నెల్లే గద, సూద్దాం" అన్నాడు. నేను బస్సెక్కాను. అంతమందిని నవ్వించానని దారంతా సంబరపడ్డాను కూడా, గాడిదను.

నాయనమ్మ మీద నాకు కోపం రాదు. ఆమె ఎరిగిన కాలంలో చిత్త కార్తెకల్లా వాన ఆగేది, తెగులు ఎండకు ఉన్నచోటే చచ్చేది. నాలుగు మొక్కలు పోయేవి, అంతే. ఇప్పుడు దీపావళి దాటినా వానే. నీళ్ల వెంట తెగులు సాలు నుంచి సాలుకు నడిచింది. "వానలు దంచికొడుతున్నాయి" అని పండగలా చదివే వార్తలు వింటే ఒళ్లు మండేది. ఆ సీసా తలచుకుంటే మండేది. వానలో బాల్కనీ ఎంత బాగుంటుందో చెప్పి చెప్పి అమ్మిన నా నోరంటే ఇంకా మండేది.

ఎళ్లమాసకు మళ్లీ ఊరొస్తే చేను నిండా నల్ల కట్టెలు. గట్టు పక్క ఎత్తులో ఒక్క సాలు కాసింది. నాయనమ్మ అక్కడే నైవేద్యం పెట్టి, "ఇగ పీకు," అంది.

పీకడానికి మిగిలినవి ఎండు కట్టెలే. పొద్దుగూకే దాకా పీకాను. చేతులు బొబ్బలెక్కాయి, కోపం మాత్రం దిగలేదు.

ఆ ఒక్క సాలు నూర్చి పోస్తే కుండ అడుగు కూడా నిండలేదు. నాయనమ్మ కుండ మూతికి గుడ్డ కడుతూ, నా మొహం చూడకుండా అంది:

"వచ్చేసారి మచ్చ కనవడ్డ దినమే పీకుర్రి. భూతల్లికి నేను జెప్పుకుంట."