అబ్లా నా గదిలో ఉన్న నలభై రోజులు

కువైట్‌లో నేను పనిచేసే ఇంట్లో, వంటింటి పక్కన నాకొక చిన్న గది ఉండేది. ఒక కిటికీ, ఏసీ, ఇనుప అలమరా, ఆనుకునే బాత్రూమ్. మేముండే అబూ హలీఫా పేటలో ఎన్ని ఇళ్ళల్లో మాలాంటి పనివాళ్ళకు సొంత కిటికీ ఉంటుంది? అయిదేళ్ళు ఆ గదిని చూసుకుని మురిసిపోయాను. ఒకరోజు ఇంటావిడ, మేమంతా మామా అని పిలిచే ఆవిడ, గుమ్మంలో నిలబడి, “యల్లా, నీ సామాను ఇస్త్రీ గదిలోకి మార్చుకో” అంది. రోజూ వేసుకునే నైటీలు చంకన పెట్టుకుని వెళ్ళాను. మిగతావి అలమరాలోనే ఉండిపోయాయి.

మామాకు చిన్నప్పుడు పాఠాలు చెప్పిన సూడాన్ టీచరమ్మ వస్తోందట. ఇక్కడ పంతులమ్మను అబ్లా అంటారు, ఇంట్లో అందరూ ఆమెను అలాగే పిలిచేవాళ్ళు. వాళ్ళ దేశంలో వాళ్ళలో వాళ్ళే కొట్టుకు చస్తున్నారు. మోకాళ్ళ నొప్పులతో మేడ మెట్లు ఎక్కలేదు కాబట్టి కింద ఉన్న నా గదే ఆమెకు కావలసి వచ్చింది. మా ఊరి స్నేహితురాలికి ఫోన్ చేసి మొరపెట్టుకుంటే నవ్వింది.

“ఆ గదేమన్నా మీ పుట్టింటోళ్ళు పసుపుకుంకాల కింద రాసిచ్చినారామ్మే? ముసలామె నాలుగు దినాలుండి పోతాది, ఊరుకో.”

నాలుగు కాదు, నలభై అయ్యాయి.

ఆ నలభై రోజులూ మా ఇంట్లో ఆమె ఇంటి మాటే. వాళ్ళ ఊరు ఒమ్‌దుర్మాన్‌లో ముత్తాత కట్టించినదట. మూరెడు మందం మట్టిగోడలు, చెక్కిన తలుపులు, చేత్తో రాసిన పుస్తకాల గది. ఎక్కడెక్కడినుంచో వచ్చి ఫొటోలు తీసుకునేవాళ్ళట. ఇప్పుడందులో సిపాయిలు మకాం పెట్టారు. ఎవరో పంపిన వీడియోను అబ్లా, మామా సోఫాలో ఆనుకుని కూర్చుని చూస్తుంటే, నేను టీ ఇస్తూ వంగి చూశాను. నడవాకిట్లో ఒకడు తలుపు చెక్క విరిచి గిన్నె కింద మంటలోకి ఎగదోస్తున్నాడు. ఇంకొకడు బూట్లతోనే వాళ్ళమ్మ మంచం మీద పడుకున్నాడు. మామా వెక్కి వెక్కి ఏడ్చింది.

నాకు జాలి కలగాలి. కలగలేదు. కళ్ళలో నిప్పులు పోసుకున్నాను. అంతకుముందు సాయంత్రాలు మామా వంటింట్లో నా పక్కన స్టూలు వేసుకుని ఆకుకూర దూసేది, నా కూతురి చదువు గురించి అడిగేది. ఇప్పుడు వంటింటి వైపే రావడం లేదు. మా అమ్మ పోయిన రోజున కూడా మామా కంట నీటిచుక్క చూడలేదు నేను. మట్టిగోడల కోసం ఇంత ఏడుపా? ఏనుగు బతికినా వెయ్యే, చచ్చినా వెయ్యే అన్నట్టు, కూలిపోతున్నా ఆ ఇంటికున్న విలువ నాకు లేకపోయింది. పోగొట్టుకోవడానికైనా అలాంటిది ఒకటి ఉండాలి కదా అని లోలోపల కుళ్ళిపోయేదాన్ని.

ఒక మధ్యాహ్నం మామా పిల్లల స్కూలుకు వెళ్ళింది. అబ్లా వంటింటి గుమ్మంలోకి వచ్చి, “నా గదిలో కాసిని చల్లటి నీళ్ళు పెడతావా తల్లీ?” అని అడిగింది. నా గది! నాకొచ్చిన అరబ్బీలోనే అనేశాను.

“నీ గది గాదు అబ్లా, నాది. మీ ఇంట్లో సిపాయిలు దూరినారు, నా గదిలో నువ్వు దూరినావు. తేడా ఏముంది?”

ఆమె గోడ పట్టుకుని మెల్లగా వెళ్ళిపోయింది. మామాకు చెబుతుందని, నన్నిక్కడ ఉండనిచ్చే ఇఖామా కాగితం క్యాన్సిల్ చేయించి ఊరికి పంపించేస్తారని వణికిపోయాను. సాయంత్రం మామాతో ఆమె చెప్పింది ఒక్కటే. “ఇక్కడే, హవల్లీ నుంచి మా అక్క కూతురు రమ్మంటోంది. దాని దగ్గర ఉంటాను.” ఆ పిల్ల ఉండేది మూడో అంతస్తు, లిఫ్టు లేదు. మామా ఎంత బతిమాలినా వినలేదు.

మర్నాడు ఆమె పెట్టెను కారులో పెట్టింది నేనే. “అలమరాలో నీవి ఉన్నాయి, చూసుకో” అంది నాతో. ఏం పోయాయోనని పరుగున వెళ్ళి తెరిచాను.

ఏమీ పోలేదు. చీరలు నేను పెట్టిన మడతల్లోనే ఉన్నాయి. తలుపు లోపలివైపు, మామా కంట పడకుండా అతికించుకున్న వెంకటేశ్వరస్వామి పటం మీద కుంకుమ కూడా చెదరలేదు. ఒక్క అరలోనైనా ఆమె గుడ్డ పెట్టుకున్న జాడ లేదు. ఒక్కసారి తెరిచి, చూసి, మూసేసి ఉంటుంది. నలభై రోజులూ ఆ మోకాళ్ళతో నేల మీదికి వంగి పెట్టెలోంచే బట్టలు తీసుకుంది. పటం సంగతి మామాకు చెప్పలేదు. నేనన్న మాటా చెప్పలేదు.

మంచం మీద కూర్చున్నాను. సిగ్గేసింది, నిజమే. కానీ దానికన్నా ముందొచ్చింది కుళ్ళే. ఇల్లూ వాకిలీ సిపాయిల పాలైన మనిషికి, పరాయివాళ్ళ అలమరాను ముట్టుకోకుండా ఉండేంత మనసు ఎలా మిగిలింది? నాకు ఒక్క గది పోతేనే నోట్లోంచి ఆ మాట వచ్చింది.