తోడేలు పక్కన మంద

మా ఊళ్లో మేక తప్పిపోయినా తోడేలే, కోడి పోయినా తోడేలే, ఆఖరికి ఎవరి చెప్పు కనబడకపోయినా తోడేలే. వినీ వినీ నాకు ఒళ్లు మండేది. చిన్నప్పటి నుంచీ మా బాపు వెంట తోడేళ్ల జాడలు పట్టి తిరిగినదాన్ని. దాని మీద పడే నిందల్లో సగం దానివి కావని నాకు తెలుసు. అట్లా అని ఆ జంతువు మీద నాకు ప్రేమేమీ లేదు. గొర్రెలు కాచుకుని బతికే ఇంట్లో పుట్టినవాళ్లకు తోడేలు మీద ప్రేమ ఎక్కడినుంచి వస్తుంది?

మాది పాలకుర్తి దిక్కు. బాపుకు పెద్ద మంద ఉండేది. తోడేలు గొర్రెను ఎత్తుకుపోయిన పొద్దున ఆయన అన్నం ముట్టేవాడు కాదు. గొడ్డలి భుజాన వేసుకుని, నన్ను వెంటబెట్టుకుని బయలుదేరేవాడు. తమ్ముడు అప్పటికి చంకబిడ్డ. కాబట్టి కొడుక్కి చెప్పవలసిన విద్యంతా బాపు నాకు చెప్పాడు. ఆడపిల్లకు ఇదేం పని అని ఎవరైనా అడిగితే, "దీనికున్న కోపానికి తోడేలే భయపడ్తది, ఏం ఫికర్ లేదు" అని నవ్వేవాడు.

జాడ చూడడమంటే నేల చూడడమే అనుకునేదాన్ని. బాపు ముందు వెలుగును చూడమన్నాడు. సూర్యుడు నడినెత్తికి వచ్చాక ఎంత పెద్ద అడుగైనా మాసిపోయినట్టే ఉంటుంది. పొద్దున్నే, ఏటవాలు వెలుగులో అయితే అడుగులో నీడ నిలిచి, వెతకకుండానే కంటికి తగులుతుంది. కుక్క తోవ పొడుగునా అక్కడ వాసన చూసి, ఇక్కడ కాలెత్తి, వంకరటింకరగా పోతుంది. తోడేలు పని మీద పోయే మనిషిలాగా నేరుగా పోతుంది. వెనక కాలు కూడా ముందు కాలు పడ్డచోటే వేస్తుంది. దాని పెంటను పుల్లతో విడదీస్తే వెంట్రుకలు, ఎముక ముక్కలు బయటపడతాయి. కుందేలును తిన్నదా, మన గొర్రెనే తిన్నదా అన్నది అక్కడే తేలిపోతుంది. అట్లాంటివి పుల్లతో కెలికిన చేతులతోనే మధ్యాహ్నం సద్ది విప్పుకుని తినేవాళ్లం, కడుక్కునేవాళ్లం అనుకోండి.

అన్నేళ్ల వేటలో బాపు చంపింది రెండో, మూడో. ఎక్కువసార్లు పొద్దంతా తిరిగి, కాళ్లు కొట్టుకుపోయి, వట్టి చేతులతో ఇంటికి వచ్చేవాళ్లం. ఒకసారి వాగు ఇసుకలో జాడ పట్టుకుని చాలా దూరం పోయి, ఇక దొరకదని వచ్చిన దారినే వెనక్కి తిరిగాం. కొంచెం దూరం రాగానే బాపు ఆగిపోయాడు. ఇసుకలో మేం పోయేటప్పుడు పడ్డ మా అడుగుల మీద దాని అడుగు ఉంది. నా చిన్న పాదం గుర్తులో దాని పంజా అచ్చంగా దిగబడి ఉంది.

"సూడు బిడ్డా, మనం దాన్ని ఎతుకుతానం, అది మన ఎనుకనే వస్తాంది" అన్నాడు బాపు. ఆయనకు నవ్వు వచ్చింది. నాకు భయమూ కోపమూ ఒక్కసారే వచ్చాయి. ఆ రోజు నుంచి మాత్రం నా ఆలోచన మారింది. మేం సద్ది ఎప్పుడు విప్పుతామో దానికి తెలుసు. ఏ కాపరి కునుకు తీస్తాడో, ఏ కుక్క వట్టిగా మొరుగుతుందో తెలుసు. మా ఇంటి సంగతులు మా చుట్టాలకన్నా దానికే ఎక్కువ తెలుసు.

తర్వాత ఫారెస్టువాళ్లు గట్టిగా చెప్పడంతో వేట ఆగిపోయింది. నన్ను ఊళ్లోనే మా మేనబావకు ఇచ్చారు. ఆయన ఆటో నడుపుతాడు. గొర్రె ముందు నడుస్తుందో, వెనక నడుస్తుందో కూడా ఆయనకు పట్టదు. బాపు పోయాక మందను తమ్ముడూ నేనూ చెరిసగం పంచుకున్నాం. నా మంద నేనే కాచుకుంటాను. వేట లేకపోయినా పొద్దున లేవగానే జాడలు చూసే అలవాటు మాత్రం పోలేదు.

ఇది రెండేళ్ల కిందటి చలికాలం సంగతి. వరి కోతలయ్యాక ఎరువు కోసం రైతులు మా మందలను తమ పొలాల్లో పెట్టించుకుంటారు. చుట్టూ వల కట్టి, గొర్రెలను అందులో ఉంచుతాం. నా మంద గుట్ట కిందున్న మడిలో, తమ్ముడి మంద కాలువ పక్కన. గట్టిగా కేకేస్తే వినబడేంత దూరం. ఆ చలికాలమంతా తమ్ముడి మందలో గొర్రెపిల్లలు పోతూనే ఉన్నాయి. నా మందలో ఒక్కటి కూడా పోలేదు.

మా మరదలు, అంటే తమ్ముడి భార్య, ఊరుకునే రకం కాదు. "నీ మంద మీద ఈగ గూడ వాలది వదినె. ఏం మంత్రం ఏసినవో మాకు గూడ జర చెప్పరాదు?" అన్నది, నలుగురూ ఉండగా.

"నాకు మంత్రమొస్తే ముందు నీ నోటికే ఏద్దును" అన్నాను.

అన్నానే గానీ ఆ మాట నాకు ముల్లులా గుచ్చుకుంది. అంతకన్నా తమ్ముడి ముఖం చూస్తే దిగులేసింది. ఒకరోజు వచ్చి నా దొడ్డి పక్కన చతికిలబడ్డాడు.

"ఇంకొక్కటి పోయిందంటే మొత్తం అమ్మేస్త అక్కా. హన్మకొండల బట్టల దుకాణం కాడ వాచ్‌మన్ కావాలంటాండ్రు. నీడపట్టున నిలవడుడే పని."

కళ్లు మూసుకుని, అరుపు విని, ఇది ఫలానా గొర్రె అని చెప్పేవాడు వాడు. ఈనడం కష్టమైన గొర్రె ఏ ఊళ్లో ఉన్నా వాణ్నే పిలుచుకుపోయేవాళ్లు. అట్లాంటివాడు దుకాణం ముందు అద్దాల తలుపు తీస్తూ, వేస్తూ నిలబడతాడా? బాపు మంద కళ్లముందే సగం అయిపోతుంటే నేను చూస్తూ ఉండాలా? ఆ తోడేలు సంగతి తేల్చాలని ఆ క్షణమే అనుకున్నాను.

మరునాడు మంచు ఇంకా ఆరకముందే కాలువ కట్ట మీద వెతికాను. జాడ దొరికింది. ఒకటే తోడేలు. దాన్ని పట్టుకుని వెనక్కి నడిచాను, ఎక్కడికి పోయిందని కాదు, ఎక్కడినుంచి వచ్చిందని. ఆ జాడ తిన్నగా నా మంద దగ్గరికే వచ్చింది. వల పక్కనుంచి, చెయ్యి చాపితే అందేంత దగ్గరగా పోయింది. ఎక్కడా ఆగలేదు, ఎటూ తిరగలేదు. లోపలున్న గొర్రెలు దానికి రాళ్లతో సమానం అన్నట్టు పోయింది. అక్కడినుంచి జాడ గుట్ట ఎక్కింది. బండల సందులో బొరియ, దాని ముందు నలిగిన గడ్డి, నమిలి వదిలేసిన ఎముకలు. ఎవరిదో పాత చెప్పు కూడా ఉంది. చిన్న పళ్లతో కొరికిన చెప్పు. లోపల కూనలున్నాయి.

అక్కడే ఒక బండ మీద కూర్చుండిపోయాను. బాపు ఎప్పుడో అన్న మాటే, నేను సరిగా పట్టించుకోలేదు. కూనలు పెట్టిన తోడేలు ఇంటి పక్కన వేటాడదట. పక్కనే గొర్రె పోతే మనుషులు వెతుక్కుంటూ నేరుగా కూనల మీదికే వస్తారని దానికి తెలుసు. అందుకే నా మందను దాటుకుని, నా తమ్ముడి మందకు పోతోంది. నా అదృష్టమేమీ లేదు ఇందులో, మంత్రం అసలే లేదు.

వెనక అడుగుల చప్పుడయింది. తమ్ముడు. నా వెనకే వచ్చినట్టున్నాడు. ఒక చేతిలో గొడ్డలి, ఇంకో చేతిలో పొగ పెట్టడానికి గడ్డి మోపు.

"జరుగక్కా."

"నీ మంద తోలుకొచ్చి నా మంద పక్కన పెట్టు" అన్నాను.

"పిచ్చి లేసిందా? దాని నోటికాడికి నేనే తీస్కపోయి పెట్టాల్నా?"

"నోటికాడనే పెట్టు. నీది ఒక్క పిల్ల పోయినా నా మందల నీకు నచ్చినయి తోలుకపో. సగం తోలుకపో. నేను మాట తప్పితే బాపుకు పుట్టలేదనుకో."

వాడు నా ముఖంలోకి చాలాసేపు చూశాడు. నేను తమాషాకు అలాంటి మాట అనేదాన్ని కాదని వాడికి తెలుసు. లోపలినుంచి కుక్కపిల్లలు కుయ్‌మన్నట్టు సన్నగా చప్పుడొచ్చింది. గడ్డి మోపు కింద పడేసి, నన్ను తిట్టుకుంటూ గుట్ట దిగాడు. ఆ సాయంత్రానికే మందను తోలుకొచ్చాడు.

మొదటి వారం వాడు నిద్రపోలేదు. నేనూ పోలేదు, ఎంత ధైర్యంగా మాట్లాడినా సగం మంద పణంగా పెట్టినదాన్ని కదా. పొద్దున్నే ఇద్దరం వల చుట్టూ తిరిగేవాళ్లం. జాడ ఉండేది, వల పక్కనుంచే పోయేది. గొర్రెపిల్లలు మాత్రం లెక్కకు లెక్క ఉండేవి. మా ఆయన ఆటో ఆపి మరీ వెక్కిరించాడు: "మీరు తోడేలుకు కావలున్నరా, తోడేలు మీకు కావలున్నదా?"

నెల గడిచేసరికి తమ్ముడు అమ్మకం మాట ఎత్తడం మానేశాడు. దాన్ని 'అది' అనడం కూడా మానేశాడు. "ఆమె ఇయ్యాల పొద్దుగాలనే పోయింది", "ఆమె బక్కవడ్డది అక్కా, పాలు తాగుతానయి గదా" అనేవాడు. ఒక పొద్దున కూనలు బండ మీద ఎండ కాచుకుంటుంటే చూశాడట. ఆ రోజంతా అదే ముచ్చట. మా మరదలు కూడా నోరు తగ్గించి, నాకు చాయ్ పోసి ఇచ్చింది. మా గొర్రెపిల్లలు పోవడం లేదంటే ఇంకెవరివో పోతున్నాయని మా ఇద్దరికీ తెలుసు. ఆ మాట మాత్రం మేం ఎన్నడూ మాట్లాడుకోలేదు.

అప్పుడు గుట్టకు అవతలి పక్క గ్రానైట్ క్వారీ మొదలైంది. మొదట మెషిన్ చప్పుడు, తర్వాత పేలుళ్లు. పేలిన ప్రతిసారీ గొర్రెలన్నీ ఒక్కదగ్గరికి ముద్దగా చేరేవి. మూడో రోజో, నాలుగో రోజో పొద్దున చూస్తే ఒకటే తోవ మీద పోయిన అడుగులు, వచ్చిన అడుగులు, మళ్లీ పోయిన అడుగులు. కూనల అడుగులు ఎక్కడా లేవు. ఒక్కొక్క కూనను నోట కరుచుకుని మోసిందని అర్థమైంది. బొరియ దగ్గరికి పోయి చూశాం. ఖాళీ.

"పీడ పోయింది" అన్నది మా మరదలు. రైతుకు మాట ఇచ్చాం కాబట్టి ఆ పొలంలో ఇంకో వారం ఉండాలి. తోడేలు లేదు, ఇక భయమేముందని నేనూ అనుకున్నాను. ఇన్నేళ్లు దాని వెంట తిరిగి, అది ఏం తింటుందో నేర్చుకున్నాను. అది ఎవరిని దగ్గరికి రానియ్యడం లేదో ఒక్కసారి కూడా ఆలోచించలేదు.

పెద్దరోడ్డు పక్కన చికెన్ సెంటర్లవాళ్లు వ్యర్థాలు పారబోస్తారు. అక్కడ తిని బలిసిన కుక్కల గుంపు ఒకటుంది. అవి ఆ చలికాలమంతా గుట్ట వైపు రాలేదు. తోడేలు తిరిగే చోటికి కుక్కలు రావు. ఆమె పోయిన సంగతి వాటికి మాకన్నా ముందే తెలిసినట్టుంది. మేమిద్దరం పెద్ద గొర్రెలను మేతకు తోలుకుపోయాం. గొర్రెపిల్లలు వలలోనే ఉన్నాయి, మా మరదలు మోటారు దగ్గరికి నీళ్లకు పోయింది. ఆ కాసేపట్లోనే అయిపోయింది. తోడేలైతే ఒకదాన్ని పట్టుకుని పోయేది. ఇవి దొరికినదాన్నల్లా కొరికి, విసిరి, ఇంకోదాని మీద పడ్డాయి. తిన్నది దాదాపు ఏమీ లేదు. తమ్ముడివి ఎక్కువ పోయాయి, వాడి గొర్రెపిల్లలు ఉన్న పక్కే వల తెగింది.

వాడు వల మధ్యలో కూర్చుని, ఇంకా ఊపిరి ఉన్న ఒక పిల్లను ఒళ్లో పెట్టుకున్నాడు. ఊరివాళ్లు వచ్చి తోడేలే అంటుంటే ఒక్కసారిగా లేచి అరిచాడు: "నోర్ముయ్యుండ్రి! ఆమె ఉంటే ఇట్ల అయ్యేదే గాదు!"

వాడు అట్లా అరవడం నేనెప్పుడూ చూడలేదు. చచ్చిన గొర్రెపిల్లలను పూడ్చి, చేతులు కడుక్కుని నా దగ్గరికి వచ్చాడు. "ఏడికి పోయిందో ఎతుకుదాం అక్కా. ఆమె ఏడుంటే మంద ఆడికే తోలుదాం. నువ్వు జాడ పట్టినవంటే దొరుకుతది" అన్నాడు.

జాడ పాతబడింది, గాలికి చెరిగింది. అయినా పట్టాను. మిరప చేన్ల గట్ల మీదుగా, వాగు దాటి, మళ్లీ చేన్ల మీదుగా పోయాం. ఎక్కడన్నా పోగొట్టుకుంటే వాడు కదలకుండా నిలబడి, నా ముఖం చూస్తూ ఉండేవాడు. చివరికి జాడ వరంగల్ పెద్దరోడ్డు దాకా వచ్చింది. లారీలు పోతున్నాయి. తారు మీద అడుగు ఎట్లా పడుతుంది? అవతలి పక్క పొద్దుగూకేదాకా వెతికాను. ఇసుకలో వెతికాను, బురదలో వెతికాను, తుమ్మచెట్ల కింద వంగి వెతికాను. వెతకడం ఆపితే తమ్ముడికి ఏదో ఒకటి చెప్పాలి కాబట్టి వెతుకుతూనే ఉన్నాను.

"సాలు తియ్యక్కా" అన్నాడు వాడే. పది రోజుల్లో మిగిలిన మందను అమ్మేశాడు. బేరగాడి బండిలోకి గొర్రెలను తనే ఒక్కొక్కదాన్నీ ఎక్కించాడు. ఇప్పుడు హన్మకొండలో ఉంటాడు.

నిరుడు వానలు వెలిశాక, నా దొడ్డికి కాస్త దూరంలో, దున్నిన మడి బురదలో నేరుగా పోయిన అడుగులు కనిపించాయి. వెంటనే తమ్ముడికి ఫోన్ చేశాను. దుకాణం గోల మధ్యలో నుంచి వాడు గట్టిగా అరిచాడు: "నిజమా అక్కా? ఆమెనేనా?"

"ఏమోరా. ఆమెనే అనిపిస్తాంది."

"ఎంబడి పిల్లలున్నయా?"

ఆ మడి అంతా, దాని పక్క మడి కూడా అప్పటికే చూశాను.

"లేవురా. ఒక్కతే."

తలుపు తియ్యాలె, సార్లు వస్తాండ్రని చెప్పి ఫోన్ పెట్టేశాడు.