నెయ్యి గుంత

రాగి సంగటిని గిన్నె అంచులకు నెట్టి, నడిమి గుంత చేసి మైక్రోవేవ్ ఓవెన్‌లో పెట్టాను. ఆ గుంత చూస్తే నాకు నంద్యాలే గుర్తొస్తుంది.

నాకు తొమ్మిదేళ్లప్పుడు, ఒక చలికాలం, స్కూలు ప్రవేశ పరీక్ష కోచింగ్ కోసం ఆళ్లగడ్డ నుంచి తెచ్చి నన్ను నంద్యాలలో చిన్నమ్మ దగ్గర ఉంచారు. మొదటిరోజు ఆఫీసుకు పోతూ చిన్నమ్మ కొత్త ఓవెన్ చూపించింది.

"వేడి చేసేటప్పుడు సంగటికి నడిమి గుంత పెట్టు పాపా. లేకుంటే అంచులు కాలిపోతాయి, నడిమి చల్లగానే ఉంటాది."

మా ఇంట్లో గుంత అంటే నెయ్యికే. అవ్వ వచ్చి అందులో నెయ్యి వేసేదాకా ఎవరమూ సంగటి ముట్టేవాళ్లం కాదు. అందుకే మధ్యాహ్నం కోచింగ్ నుంచి వచ్చి, చెప్పినట్టే వేడి చేసి, గిన్నె ముందు కూర్చున్నాను. ఆవిరి ఆగిపోయింది. సంగటి పైన పెచ్చు కట్టింది. వీధిలో ఆటో ఆగినప్పుడల్లా తలుపు వైపు చూశాను.

సాయంత్రం చిన్నమ్మ వచ్చింది. "ఏంది పాపా, ఇంకా తినల్యా?"

"గుంత పెట్టినా చిన్నమ్మా. నెయ్యి వేసేకి ఎవరూ రాల్యా."

చిన్నమ్మ చెప్పులైనా విడవకుండా పోయి నెయ్యి తెచ్చి వేసింది. చల్లారిన సంగటిలో అది కరగలేదు.

ఇప్పుడు నా సంగటి అంచుల నుంచి నడిమి దాకా ఒకేలా వేడెక్కుతుంది. నెయ్యి నేనే వేసుకుంటాను. అయినా ఓవెన్ గంట మోగాక, కాసేపు ఊరికే కూర్చుంటాను.